ఇరవై బైఠక్‌లు

ఏప్రిల్ 9

కర్ర లేకుండా గల్లీ చివరి వరకు వెళ్లి వచ్చాను. పోవడానికి నూట పది అడుగులు, రావడానికి నూట ముప్ఫై. కుంటుతున్నట్టు కనిపించకూడదని వచ్చేటప్పుడు చిన్న అడుగులు వేశాను, అందుకే ఎక్కువయ్యాయి. ఎదురు క్వార్టర్ చంద్రవ్వ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతూ చూసింది. "మంచిగనే నడుత్తున్నవ్ గద భూమికా" అన్నది. ఇంకేం, సాయంత్రానికి కాలనీ మొత్తానికీ తెలిసిపోతుంది. తెలియనీ.

ఆపరేషన్ అయి నిన్నటికి ఎనిమిది వారాలు. పోయిన సెప్టెంబరులో బొగ్గు లారీల రోడ్డు మీద స్కూటీ జారి మోకాలి లోపల లిగమెంటు తెగింది. కరీంనగర్ డాక్టరు కొత్తది వేశాడు. కొత్తదంటే బజారులో కొన్నది కాదు. చిప్ప కింద ఉండే నరంలోంచి ఒక పట్టీ చీల్చి, దాని పై కొసకు చిప్ప ఎముకలోంచి ఒక ముక్క, కింది కొసకు కాలి ఎముకలోంచి ఒక ముక్క అంటిపెట్టుకుని ఉండేలా కోసి, దాన్నే లోపల బిగించాడు. నా కాలిలో దొంగతనం చేసి నా కాలికే దానం చేశాడు, మహానుభావుడు. డిశ్చార్జి నాడు మాత్రం వేలు చూపించి చెప్పాడు. "చిప్పల గుంత పడ్డదమ్మా. అది పూడేదాక పన్నెండు వారాలు మెట్లెక్కద్దు, గొంతుక్కూసోవద్దు, బరువు గుంజద్దు. లిగమెంటు బాగైందని సంబరపడి చిప్ప పగలగొట్టుకున్నోళ్లు ఉన్నరు."

నేను అలాంటిదాన్ని కాను. కమోడ్ కుర్చీ మీదే కూర్చుంటున్నాను, ఎంత సిగ్గుగా ఉన్నా.

ఏప్రిల్ 15

బొగ్గు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఉద్యోగానికి మెడికల్ పరీక్ష మే 16న.

బాపు కళ్లద్దాలు పెట్టుకుని మూడుసార్లు చదివాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు బొగ్గు బాయిలోకి దిగిన మనిషి, డిసెంబరులో కంపెనీ మెడికల్ బోర్డు ముందుకు పోయి నడుము నొప్పి, ఆయాసం అని చెప్పి అన్‌ఫిట్ రాయించుకున్నాడు. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉండగా. అన్‌ఫిట్ అయితే పిల్లల్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. ఆయనకూ అవ్వకూ ఉన్నది నేనొక్కదాన్నే. నడుము నొప్పి నిజమే. ఉద్యోగం మానేసేంత నొప్పేనా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆఫీసు గుమస్తాకు ఫోన్ చేసి తేదీ ఒక నెల జరుగుతుందా అని అడిగాను. "జరుగుతది, కాని జూన్ రెండుకు నీకు ముప్ఫై ఐదు నిండుతయ్ గదమ్మా. నిండితె ఫైలు మూసేస్తరు" అన్నాడు. మెడికల్‌లో ఏం చేయిస్తారని అడిగాను. కండ్లు, చెవులు, బీపీ, ఇరవై బైఠక్‌లు. అంటే ఇరవైసార్లు పూర్తిగా గొంతుక్కూర్చుని లేవాలి.

మే 16 అంటే పదమూడు వారాలు దాటి మూడు రోజులు. డాక్టరు చెప్పిన దానికన్నా పది రోజులు ఎక్కువే. లెక్క సరిపోయింది. నా జీవితంలో లెక్క సరిపోవడం ఇదే మొదటిసారి.

ఫెయిలైతే ఏమవుతుందో కూడా రాసి పెట్టుకుంటాను, భయం ఉండాలి కదా. క్వార్టర్ ఖాళీ చేయాలి. బాపు, అవ్వ మంథనిలో చిన్నాన్న ఇంటి వెనక గదిలోకి పోతారు. ఆ గదిలో రెండు మంచాలే పడతాయి. నేను పనిచేసిన స్కూలువాళ్లు నా స్థానంలో ఇంకో ఆమెను పెట్టుకున్నారు. నాకు మిగిలేది జమ్మికుంట. నాలుగేళ్ల కింద ఒక సంచితో బయటపడ్డ ఇల్లు. మొగుడు కరుణాకర్ నన్ను కొట్టలేదు. కొడితే చెప్పుకోవడానికి సులువుగా ఉండేది. ఆరేళ్లు ఆ ఇంట్లో నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, అంతే. అత్త "ఓ" అనేది, ఆయన "ఇగో" అనేవాడు.

ఉద్యోగం మాట బయటికి పొక్కినప్పటి నుంచి వారానికి రెండు ఫోన్లు చేస్తున్నాడు. "కాలు ఎట్లున్నది భూమికా" అంటాడు. పేరు ఇప్పుడు గుర్తొచ్చింది.

ఏప్రిల్ 18

అవ్వతో గొడవ. ఆపరేషన్ మంచిగా అయితే రాజన్న దేవుడికి నా చేత కోడెను గుడి చుట్టూ తిప్పించి కట్టిస్తానని మొక్కిందట. నన్ను అడిగి మొక్కిందా? మెడికల్ కన్నా ముందే కట్టాలట. కట్టకుండా పోతే దేవుడు చేసిన మేలు మరిచినట్టేనట.

"పన్నెండు వారాలు కాలేదు అవ్వా" అన్నాను.

"కోడె నిన్ను గుంజుతదా, నువ్వు కోడెను తోల్కపోతవా? గుడి సుట్టు ఒక్క తిరుగుడు. తాడు పట్టుకుంటె సాలు. అవి మనుషులకు అలవాటైన కోడెలు."

"నువ్వే పట్టుకో."

"మొక్కు నీ కాలుది, నా కాలుది కాదు."

సోమవారం పోతున్నాం. నిజం చెప్పాలంటే నాకూ పోవాలనే ఉంది. గోడలు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి.

ఏప్రిల్ 21

కోడెను కట్టేశాం. ఫొటో దిగాం. అంతా మంచిగా జరిగింది.

ఏప్రిల్ 22

నిన్న రాయనిది.

జనం బాగా ఉన్నారు. టికెట్ తీసుకుంటే ఎర్ర కోడెను ఇచ్చారు, కొమ్ములకు పసుపు. తిరుగుడు ముప్పావు వంతు అయ్యాక వెనక ఎవరో డప్పు అందుకున్నారు. కోడె బెదిరి ముందుకు ఉరికింది. బండ తడిగా ఉంది. తాడు వదిలేయాలి. వదల్లేదు. వదిలితే మొక్కు మధ్యలో పోతుందని కుడికాలు ఆనించి, మోకాలు వంచి, మొత్తం బరువు దాని మీదే వేసి నిలబడ్డాను. లోపల టప్‌మన్నది. బయటికి వినపడేంత కాదు, నాకు వినపడేంత.

పడలేదు. అక్కడి నుంచి పాకలో గుంజ దగ్గరికి నడిచి నేనే ముడి వేశాను. అవ్వ కొబ్బరికాయల సంచిలో తల పెట్టి ఉంది, చూడలేదు. బాపు దూరంగా చెప్పుల దగ్గర ఉన్నాడు.

రాత్రికి మోకాలు వాచింది. ఎండ, బస్సు, జనం. వాచదా మరి.

ఏప్రిల్ 23

నరం పట్టింది. మంచు గడ్డ పెట్టాను.

ఏప్రిల్ 25

ఎక్సర్‌సైజులు చేయించే అలేఖ్య మోకాలు చూసి ఆగిపోయింది. చిప్ప మీద రెండు వేళ్లు పెట్టి నొక్కింది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ ఊపిరి బిగబట్టాను.

"అక్కా, ఎక్కడన్న పడ్డవా?"

"లేదు."

"ఎక్స్‌రే తీయించుకో అక్కా. ఇయ్యాల్నే."

సరేనన్నాను. రేపటి నుంచి ఆమె దగ్గరికి పోను. ఇరవై మూడేళ్ల పిల్ల, నిన్న మొన్న చదువైపోయింది, ప్రతిదానికీ ఎక్స్‌రే.

ఏప్రిల్ 28

ఏమీ కాలేదు. నరమే.

ఏప్రిల్ 30

స్కూల్లో సర్టిఫికెట్ తెచ్చుకోవాలని అబద్ధం చెప్పి ఒక్కదాన్నే కరీంనగర్ పోయాను. బస్సులో కాలు చాపుకోవడానికి చివరి సీటు దొరికింది, పక్కన పత్తి విత్తనాల సంచులు.

డాక్టరు ఎక్స్‌రేను లైటుకు పెట్టి పెన్నుతో చూపించాడు. చిప్పకు అడ్డంగా ఒక గీత. వెంట్రుక అంత. గుంత తవ్విన చోటి నుంచే మొదలైంది.

"లిగమెంటు ఫస్ట్‌క్లాస్‌గ ఉన్నది" అన్నాడు. సంతోషించాలా? "చిప్ప పగిలింది. ముక్కలు జరగలేదు, నీ అదృష్టం. ఆరు వారాలు కాలు మడవకుండ బెల్టు కట్టుకో. మడిచినవంటె రెండు ముక్కలైతది. అప్పుడు వైర్లు వేసి కుట్టుడే. అటెన్క మోకాలు ఎంత మడుస్తవో నేను చెప్పలేను."

"మే పదహారుకు ఇరవై బైఠక్‌లు తీయొచ్చా సార్?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. బాగానే చూశాడు.

బెల్టు కొన్నాను. తొడ నుంచి పిక్క దాకా ఉంది, నాలుగు పట్టీలు. సంచిలో అడుగున పెట్టి పైన పాత పుస్తకాలు పెట్టాను.

ఇంట్లో చెప్పను. అవ్వకు చెప్తే తన మొక్కు వల్లే అని ఛాతీ బాదుకుని చస్తుంది. బాపుకు చెప్తే, ఆయన నాలుగేళ్లు ఎవరిస్తారు?

మే 3

రెండు గదుల్లో ముగ్గురం. బెల్టు ఎప్పుడు కట్టుకోవాలి? అవ్వ నీళ్లకు పోయినప్పుడు కట్టుకుంటాను, గేటు చప్పుడైతే విప్పేస్తాను. పట్టీలు ఊడేటప్పుడు చర్రుమంటాయి, అందుకే ఫ్యాను ఐదులో పెడతాను. రాత్రి దుప్పటి కింద కట్టుకుంటాను. ఈ ఎండలో దుప్పటి ఏంటని అవ్వ ఒక్కసారి కూడా అడగలేదు.

నలభై నాలుగు డిగ్రీలు. రేకుల వసారా పెనంలా కాలుతోంది. కిటికీలోంచి చూస్తే ఎదురు క్వార్టర్ కిటికీ. దాంట్లో చంద్రవ్వ. ఆమె నన్ను చూస్తుంది, నేను లేచి నాలుగడుగులు మంచిగా నడిచి చూపిస్తాను.

మే 6

పన్నెండు వారాలు నిండాయి. డాక్టరు మొదట చెప్పిన గడువు ఇవాళ్టితో అయిపోయేది.

మే 8

ఇరవై బైఠక్‌లంటే ఒక నిమిషం. నిమిషంన్నర అనుకుందాం. నొప్పి గోళీలు రెండు గంట ముందు వేసుకుంటే పనిచేస్తాయి. బరువు ఎడమకాలి మీద వేసి, కుడికాలిని ఊరికే తోడు ఉంచితే చాలు. డాక్టర్లు ముఖం చూస్తారు, కాలు చూడరు. ముఖం నా చేతిలో ఉంది. ఆరేళ్లు జమ్మికుంటలో ఏ నొప్పీ ముఖంలోకి రాకుండా బతికినదాన్ని, నిమిషంన్నర లెక్కా?

గీత వెంట్రుకంతే కదా. ఈపాటికి సగం అతుక్కుని ఉంటుంది.

మే 11

కరుణాకర్ ఫోన్. "మెడికల్ అయినంక నేనే అస్త. క్వార్టర్ ఎన్ని రూములు?" అన్నాడు. రెండు అన్నాను. "సరిపోతది" అన్నాడు.

అంటే ఉద్యోగం వస్తే ఆయన ఇక్కడికి వస్తాడు, రాకపోతే నేను అక్కడికి పోవాలి. భలే ఏర్పాటు. ఉద్యోగం వస్తే గేటుకు తాళం వేయడమైనా నా చేతిలో ఉంటుంది. అది చాలు నాకు. నా పేరు మీద క్వార్టర్, నా చేతిలో తాళంచెవి. అంతకన్నా నేను దేవుణ్ని ఏమీ అడగలేదు.

మే 13

గోళీల వల్ల కడుపులో మంట. వాపు తగ్గలేదు. ఏమీ కాలేదు.

మే 15

సాయంత్రం వసారాలో కూర్చున్నాం. అవ్వ రేపటికి నా చుడీదార్ ఇస్త్రీ చేస్తోంది. బాపు బీడీ ముట్టించి నేల చూస్తూ అన్నాడు.

"బెల్టు కట్టుకో బిడ్డా. దాసుడెందుకు ఇంక."

అవ్వ ఇస్త్రీ పెట్టె ఆపలేదు. అప్పుడు అర్థమైంది. అవ్వకూ తెలుసు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"కోడె గుంజిన్నాడు సూసిన" అన్నది అవ్వ. "నీ మొఖం తెల్లవడ్డది. నువ్వేం అంటలేవని నేనూ అనలే."

"నాకు మర్నాడు తెలిసింది" అన్నాడు బాపు. "నీ కుడికాలు నేల మీద పడే సప్పుడు మారింది. ముప్పై ఒక్క ఏండ్లు బాయి రూఫ్ సప్పుడు ఇనుకుంట బతికినోన్ని. గా మాత్రం ఎరుకైతలేదా?"

ఇరవై నాలుగు రోజులుగా తెలుసన్నమాట. నేను దుప్పటి కింద చెమటలో తడుస్తూ పట్టీలు బిగించుకుంటుంటే పక్క మంచాల్లో ఇద్దరూ మెలకువగా ఉన్నారు. నాకు వచ్చిన కోపానికి చేతిలో గ్లాసు విసిరేయాలనిపించింది. చిప్ప పగిలిందని, మడిస్తే రెండు ముక్కలవుతుందని డాక్టరు అన్నదంతా చెప్పేశాను.

"మరి అడగలేదేం?"

అవ్వే అన్నది. "అడిగితె నువ్వు పోనంటవని."

అదీ సంగతి. అవ్వ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా ముందు కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క నిమిషం బిడ్డా. ఇరవై. ఆ కాగితం మీద ఫిట్ అని పడ్డంక విరిగితె విరగనియ్యి. కంపెనీ దవాఖాననే ఉన్నది, మంచిగ కట్టు కట్టిత్తరు. మళ్ల జమ్మికుంటకు పోతవా, చెప్పు."

ఆమె రాక్షసి కాదు. నేను వారం రోజులుగా నాలో నేను అనుకుంటున్న మాటలే ఆమె నోట వచ్చాయి. అయినా చెయ్యి లాక్కున్నాను.

బాపు బీడీ ఆర్పి ఎన్నడూ చెప్పని విషయం చెప్పాడు. ఆయనతో పనిచేసిన ముత్యం బాయిలో పోయాడని తెలుసు, ఎలా పోయాడో తెలియదు. "ఆ దినం రాడ్‌తోని రూఫ్ కొట్టి సూసిన. డొల్ల సప్పుడచ్చింది. మా మీది సర్దార్‌కు చెప్తె పని ఆపుతడు, దసరా ముంగట, అందరికి జల్ది ఇంటికి పోవాలెనని ఉన్నది. నేను చెప్పలే. నోరు మూసుకున్న. గంటకు కూలింది." ఆరిన బీడీ ముక్కను వేళ్లతో నలిపాడు. "మళ్ల గిప్పుడు మూసుకున్న."

"అయితే రేపు పోవద్దంటావా?" అని అడిగాను. వద్దు అంటాడని ఆశపడ్డాను. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది. ఎవరైనా వద్దంటే బాగుండు అనిపించింది.

"నీ ఇష్టం బిడ్డా" అన్నాడు.

మే 16

అన్‌ఫిట్.

మిగతాది ఇవాళ రాయలేను.

మే 17

కరుణాకర్ ఫోన్. అప్పుడే తెలిసిపోయింది, ఈ కాలనీ నోళ్లకు దండం పెట్టాలి.

"సామాన్లు సర్దుకో. ఆదివారం అస్త."

"రాకు."

"మరి ఏడుంటవ్?"

"తెలియదు."

"తెల్వకుంట ఎట్ల?"

"తెలియదు అంటే తెలియదు. జమ్మికుంటకు మాత్రం రాను. కాలు బాగైనా రాను."

ఫోన్ పెట్టేశాను. మంథని గదిలో రెండు మంచాలే పడతాయని నాకు గుర్తుంది. కింద పడుకోవాలంటే కాలు మడవాలి. బెల్టుతో ఎలా లేవాలో ఇప్పటి నుంచే చూసుకోవాలి.

మే 19

రాస్తాను.

గదిలో నలుగురం. పెద్ద డాక్టరు, నర్సమ్మ, నేను, బాపు. తండ్రి వచ్చి ఈమె నా బిడ్డేనని సంతకం పెట్టాలి, అందుకని ఆయన్ను లోపలే స్టూలు మీద కూర్చోబెట్టారు. డిసెంబరులో బాపు కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో ఈ డాక్టరు కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కళ్లు, చెవులు, బీపీ అన్నీ మంచిగా ఉన్నాయి. "ఇరవై బైఠక్‌లు తియ్యమ్మా" అన్నాడు డాక్టరు, కాగితాలు చూస్తూనే.

మొదటిది సగమే కూర్చుని లేచాను. "పూర్తిగ కూసోవాలె" అన్నది నర్సమ్మ. రెండోది పూర్తిగా కూర్చున్నాను. లేవడానికి చున్నీ కొస పళ్ల మధ్య పెట్టుకోవాల్సి వచ్చింది. లేచాను. "రెండు" అని గట్టిగా అన్నాను.

"ఆపు బిడ్డా" అన్నాడు బాపు. స్టూలు మీది నుంచి లేచాడు. "సార్, ఆమె చిప్ప పగిలింది. ఆపరేషన్ అయిన కాలు సార్ అది. ఆపమను."

"అబద్ధం సార్" అన్నాను. "నాకేం లేదు. ఆయనకు మతి సరిగా లేదు, మీరు లెక్కపెట్టండి." పరాయివాళ్ల ముందు, నా కోసం నాలుగేళ్లు వదులుకున్న మనిషిని, మతి సరిగా లేదన్నాను. అని మూడోదానికి కిందికి వంగబోయాను. బాపు వచ్చి నా రెండు భుజాలు పట్టుకుని నిలబెట్టేశాడు. తోశాను. వదల్లేదు.

డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి చిప్ప మీద బొటనవేలు పెట్టాడు. ఈసారి చూడ్డానికి క్యాలెండర్ లేదు. అరిచాను.

"ఇంకో రెండు తీస్తె రెండు ముక్కలయ్యేది" అన్నాడు. కోపంగా కూడా లేడు, అలసిపోయినట్టు ఉన్నాడు. "బాగైనంక మళ్లీ రావొచ్చా సార్" అని అడిగాను. కాగితం మీద పుట్టిన తేదీ చూసి, అన్‌ఫిట్ అని రాశాడు.

నేను బాపును తిట్టాను. ఏమన్నానో అన్నీ రాయను. ఎవరు చెప్పమన్నారు నిన్ను, నిన్న నా ఇష్టమని ఇవాళ నీ ఇష్టమెట్లయింది, ఇరవై నాలుగు రోజులు ఊరుకున్నవాడివి ఇంకొక్క నిమిషం ఊరుకోలేకపోయావా అన్నాను. నేను తీసేదాన్నే. ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎలాగో తీసేదాన్నే.

బాపు విన్నాడు. తర్వాత చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టి స్టూలు మీద పెట్టాడు. డాక్టరు బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, నన్ను సూడుండ్రి."

కిందికి కూర్చున్నాడు. లేచాడు. "ఒకటి" అన్నాడు.

"పెద్దాయనా, ఏం చేస్తున్నవ్" అన్నది నర్సమ్మ. "రాజలింగూ, వద్దు" అన్నాడు డాక్టరు. బాపు రెండు అన్నాడు, మూడు అన్నాడు. హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటీ తేటగా చెప్పాడు. యాభై ఏడేళ్ల మనిషి, తెల్ల ధోవతి, పిక్కల మీద నీలం బొగ్గు మచ్చలు. పది దాకా ఆయనే లెక్కపెట్టాడు. పదకొండు నుంచి ఆయనకు మాట రాకపోతే నేను అందుకున్నాను. కోపంతోనే అందుకున్నాను. పద్నాలుగు దగ్గర చెయ్యి నడుము మీదికి పోయింది, ఆ నొప్పి నిజమైనదే. ఆపలేదు. నేనూ ఆపలేదు. ఇరవై అని నేను అన్నప్పుడు ఏడుస్తున్నానని నాకు తెలియదు, నర్సమ్మ చెప్పింది.

"సూసిండ్రా సార్" అన్నాడు బాపు. "నాకేం లేదు, మంచిగున్న. అప్పుడు నేను చెప్పింది అబద్ధం. ఇంకా నాలుగేండ్ల సర్వీసున్నది. నా బిడ్డకు రాకుంటె నా నౌకరి నాకు ఇయ్యుండ్రి. రేపు పొద్దటి షిఫ్ట్‌కే దిగుత."

డాక్టరు ఆయన వైపు చూడలేదు. నా కాగితం మీద పెన్ను పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

బాపు కాసేపు నిలబడి చూశాడు. ఇరవై సరిపోలేదనుకున్నాడేమో, మళ్లీ కిందికి కూర్చున్నాడు.